దారి చూపే ఫోను: ఆండ్రాయిడా, ఐఫోనా అని తేల్చుకోవడం ఎలా

హైదరాబాద్‌లో మెహదీపట్నం దాటి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు దగ్గరకు వచ్చేసరికి, కారు నడిపేవారు పైకి ఎక్కాలా, స్తంభాల పక్కనున్న కింది రోడ్డులోనే ఉండిపోవాలా అన్నది కొన్ని క్షణాల్లో నిర్ణయించుకోవాలి. 11.6 కిలోమీటర్ల ఆ వంతెన మీదికి పొరపాటున ఎక్కినవారు, కింద ఫలానా పిల్లర్ నంబరు దగ్గర తమకోసం నిలబడి ఉన్న బంధువులను దాటుకుని చాలా దూరం ముందుకు వెళ్ళి, మళ్ళీ వెనక్కి రావలసి వస్తుంది. ఆ కొన్ని క్షణాల్లో ఫోను సరైన మాట చెప్పిందా లేదా అన్నది నాలుగు వేర్వేరు విషయాలపై ఆధారపడి ఉంటుంది: ఫోనులోని ఉపగ్రహ రిసీవరు, ఫోనును నడిపించే ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్, దాని మీద పనిచేసే యాప్, ఆ యాప్ వెనుక ఉన్న మ్యాపు సమాచారం. కొత్త ఫోను కొనేవారు ఈ నాలుగింటినీ ఒక్క ప్రశ్నగా కలిపేసి, ఆండ్రాయిడ్ మంచిదా, ఐఫోను మంచిదా అని అడుగుతారు. ప్రశ్నను విడదీసి, ఒక్కొక్క భాగాన్ని మీరు రోజూ తిరిగే దారుల మీదే పరీక్షించి, ఆ తర్వాత నిర్ణయానికి రమ్మని నా సలహా.

ఇలా విడదీయడం ఎందుకు అవసరమో 2012 నాటి అనుభవం చెబుతుంది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆపిల్ తన ఐఓఎస్ 6తో పాటు ఫోనులోని గూగుల్ మ్యాపును తొలగించి, దాని స్థానంలో సొంత మ్యాప్స్‌ను పెట్టింది. ఫోను అదే, రిసీవరు అదే అయినా, మ్యాపు సమాచారంలో తప్పులు ఎంత ఎక్కువగా బయటపడ్డాయంటే, కొద్ది రోజుల్లోనే సంస్థ అధిపతి టిమ్ కుక్ బహిరంగంగా క్షమాపణ చెప్పి, తమ మ్యాపు బాగుపడేవరకు ఇతర సంస్థల యాప్‌లు వాడుకోమని సూచించవలసి వచ్చింది. ఆ డిసెంబరులో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్ర పోలీసులు, మిల్డురా పట్టణాన్ని ఈ మ్యాపు దాని అసలు చోటుకు 70 కిలోమీటర్ల దూరంలో ఒక జాతీయ వనం మధ్యలో చూపిస్తోందని, ఎండ 46 డిగ్రీలకు చేరగల ఆ ప్రాంతంలో నీళ్ళు కూడా దొరకవని ప్రయాణికులను హెచ్చరించారు. అప్పటి మాటను ఇప్పటికీ పట్టుకుని ఐఫోను మ్యాపు పనికిరాదనడం ఎంత తప్పో, అమెరికాలో ఉన్న మన పిల్లలు అక్కడ చక్కగా పనిచేస్తోందన్నారు కాబట్టి ఇక్కడ కూడా అలాగే ఉంటుందనుకోవడం అంతే తప్పు. ఆపిల్ తన మ్యాప్స్ కోసం 2016 మేలో హైదరాబాద్‌లోనే అభివృద్ధి కార్యాలయం తెరిచింది. మన దేశపు మ్యాపు అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది. పాత అభిప్రాయాలను పక్కన పెట్టి, ఇవాళ మీ చేతిలో అది ఎలా పనిచేస్తోందో చూడాలి.

మొదట చేయవలసిన పని దుకాణానికి వెళ్ళడం కాదు, ఒక కాగితం తీసుకుని మీ దారులు రాసుకోవడం. ఇంటి నుంచి ఆఫీసుకు, పిల్లల బడికి వెళ్ళే దారి ఒకటి, ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్ళే సొంత ఊరి దారి ఒకటి, ఎప్పుడో ఒకసారి వెళ్ళే కొత్త దారి ఒకటి ఉంటే సరిపోతుంది. వాటి పక్కనే ఏ వాహనం మీద వెళతారో, ఎక్కడెక్కడ సిగ్నల్ పోతుందో, ఎక్కడ ఫ్లైఓవరు, సర్వీసు రోడ్డు పక్కపక్కనే సాగుతాయో రాయండి. స్కూటరు మీద నగరంలోనే తిరిగేవారికీ, సరుకుల వ్యానుతో మండల కేంద్రాలన్నీ చుట్టేవారికీ ఒకే ఫోను, ఒకే యాప్ సరిపడాలన్న నియమం లేదు.

రెండో పని రిసీవరును తెలుసుకోవడం. ఆరుబయట, ఆకాశం నిండుగా కనిపించే చోట, స్మార్ట్‌ఫోన్లు సాధారణంగా 4.9 మీటర్ల వ్యాసార్థంలో స్థానాన్ని గుర్తిస్తాయని జీపీఎస్‌ను నిర్వహించే అమెరికా ప్రభుత్వమే చెబుతోంది. పొలం మధ్యలో అది చాలా గొప్ప ఖచ్చితత్వం. కానీ ఫ్లైఓవరుకూ, దాని పక్క రోడ్డుకూ మధ్య దూరం అంతకంటే పెద్దగా ఉండదు. ఎత్తు విషయంలో జీపీఎస్ ఇంకా బలహీనం కాబట్టి, మీరు వంతెన మీద ఉన్నారో కింద ఉన్నారో ఫోనుకు నేరుగా తెలియదు. ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహ సంకేతం గోడలకు తగిలి ఆలస్యంగా చేరి, మ్యాపులో మీరున్న చోటును చూపే నీలం చుక్కను పక్క వీధిలోకి నెట్టేస్తుంది. పాత ఫోన్లు ఎల్1 అనే ఒక్క ఫ్రీక్వెన్సీనే వింటాయి. ఎల్5 అనే రెండో ఫ్రీక్వెన్సీని కూడా వినే ఫోన్లు, నేరుగా వచ్చిన సంకేతాన్నీ గోడకు తగిలి వచ్చినదాన్నీ మెరుగ్గా వేరు చేయగలవు. ఈ రెండు ఫ్రీక్వెన్సీల రిసీవరు 2018లో షావోమీ ఎంఐ 8 అనే ఆండ్రాయిడ్ ఫోనులోకి మొదట వచ్చింది. ఐఫోన్లలోకి 2022లో 14 ప్రో మోడళ్ళతో ప్రవేశించింది. మన దేశపు నావిక్ ఉపగ్రహాలను వినే శక్తి 2020 నుంచి కొన్ని ఆండ్రాయిడ్ చిప్పుల్లో ఉంది. ఐఫోన్లలో 2023 నాటి 15 ప్రో నుంచి వచ్చింది.

ఆండ్రాయిడ్ ఫోనులో దీనిని మీ కళ్ళతోనే చూసుకోవచ్చు. జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్‌ను దింపుకుని, మేడ మీదికో మైదానంలోకో వెళ్ళి రెండు నిమిషాలు ఆగండి. ఒక్కొక్క ఉపగ్రహానికీ ఒక వరుస, దాని పక్కన ఆ దేశపు జెండా, ఫ్రీక్వెన్సీ పేరు, సంకేతపు బలం కనిపిస్తాయి. మువ్వన్నెల జెండా ఉన్న వరుసలు నావిక్‌వి. ఎల్5 అన్న మాట ఒక్క వరుసలోనూ లేకపోతే మీ ఫోను ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తోందని అర్థం. ఐఓఎస్ ఇలాంటి ముడి సమాచారాన్ని యాప్‌లకు ఇవ్వదు కాబట్టి, ఐఫోను విషయంలో ఆపిల్ ప్రకటించిన వివరాల పట్టికనే నమ్ముకోవాలి. ఇది రెండు వేదికల స్వభావంలో ఉన్న తేడా: ఆండ్రాయిడ్ లోపలికి తొంగి చూడనిస్తుంది, కానీ లోపల ఏముంటుందో మోడలును బట్టి మారిపోతుంది, ఐఫోను చూడనివ్వదు, కానీ మోడళ్ళు తక్కువ కాబట్టి ఏముందో ముందే తెలుస్తుంది.

ఆ మార్పు ఎక్కువగా దెబ్బతీసేది చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో. ధర తగ్గించడానికి కొన్నింటిలో, ఫోను తిరగడాన్ని గుర్తించే గైరోస్కోపును, ఒక్కోసారి దిక్సూచి సెన్సారును కూడా తీసేస్తారు. దిక్సూచి లేని ఫోనులో, మీరు కదలకుండా నిలబడినంతసేపూ ఏ వైపు తిరిగి ఉన్నారో మ్యాపుకు తెలియదు. నాలుగు రోడ్ల కూడలిలో ఇరవై అడుగులు నడిచాక గానీ తప్పు దారి పట్టారని చెప్పలేదు. దుకాణంలోనే మ్యాపు తెరిచి, నిలబడిన చోటే మెల్లగా గుండ్రంగా తిరగండి. నీలం చుక్కనుంచి వచ్చే వెలుగు కూడా మీతో పాటు తిరగాలి. తిరగకపోతే, కెమెరా ఎంత బాగున్నా ఆ ఫోను దారి చూపడానికి కొనవద్దు. ఇప్పుడు అమ్మే ఐఫోన్లన్నింటిలోనూ ఈ రెండు సెన్సార్లు ఉంటాయి.

మూడోది, పోల్చేముందు రెండు ఫోన్ల సెట్టింగులనూ సమానం చేయడం. ఐఓఎస్ 14 నుంచి, ఆండ్రాయిడ్ 12 నుంచి ప్రతి యాప్‌కూ ఖచ్చితమైన లొకేషన్ ఇవ్వాలా, ఉజ్జాయింపుగా ఇవ్వాలా అని వాడేవారినే అడుగుతున్నారు. తెలియక ఉజ్జాయింపు ఎంచుకున్నవారు, మీ యాప్ నన్ను పక్క ఊళ్ళో చూపిస్తోందని ఫిర్యాదు చేయడం నేను చాలాసార్లు విన్నాను. రెండు చోట్లా ఖచ్చితమైన లొకేషన్‌ను ఆన్ చేయండి. బ్యాటరీ ఆదా చేసే మోడ్‌ను ఆపివేయండి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు తెర ఆరిపోగానే వెనుక నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి, దానితో దారి చెప్పే గొంతు హఠాత్తుగా ఆగిపోతుంది. బ్యాటరీ సెట్టింగులలో నావిగేషన్ యాప్‌కు ఆంక్షలు లేకుండా చేస్తే ఈ ఇబ్బంది తొలగుతుంది.

నాలుగో పని ఇంట్లో కూర్చునే చేయవచ్చు. ఏ యాప్ ఎంత నమ్మదగినదో తెలుసుకోవడానికి, సమాధానం మీకు ముందే తెలిసిన ప్రశ్నలు వేయాలి. నాకు బాగా నచ్చినది తిరుమల ప్రశ్న. అలిపిరి నుంచి తిరుమలకు కారు దారి అడగండి, వెంటనే తిరుమల నుంచి అలిపిరికి అడగండి. ఎక్కేదారి, దిగేదారి వేర్వేరు ఘాట్ రోడ్లు కాబట్టి, రెండు గీతలూ వేర్వేరుగా రావాలి. రెండుసార్లూ ఒకే గీత వస్తే ఆ యాప్‌కు వన్‌వే సమాచారం సరిగా లేదన్నమాట. తర్వాత ద్విచక్ర వాహనం మోడ్ పెట్టి, మెహదీపట్నం నుంచి ఆరాంఘర్‌కు దారి అడగండి. ఎక్స్‌ప్రెస్‌వే మీదికి బైకులను అనుమతించరు కాబట్టి కింది దారే చూపాలి. ఔటర్ రింగ్ రోడ్డు విషయంలోనూ ఇదే పరీక్ష పెట్టవచ్చు. బైకుకు సర్వీసు రోడ్డే గతి. గూగుల్ మ్యాప్స్ ఈ ద్విచక్ర వాహన మోడ్‌ను 2017 డిసెంబరులో ప్రపంచంలోనే మొదట మన దేశంలో ప్రవేశపెట్టింది. మీరు పరీక్షించే యాప్‌లో ఆ మోడ్ లేకపోతే, స్కూటరు నడిపేవారికి అది పెద్ద లోటే.

ఇక ఊరి పేర్లు. మన రెండు రాష్ట్రాల్లో కొత్తపల్లులు, రామాపురాలు, వెంకటాపురాలు లెక్కలేనన్ని. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కో బోర్డు మీద ఒక్కో తీరుగా రాసి ఉంటాయి కాబట్టి, ముందు తెలుగు లిపిలోనే ఊరి పేరు, మండలం పేరు కలిపి టైపు చేసి చూడండి, తర్వాత గొంతుతో పలికి చూడండి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మారాయి. మీ ఊరిని పాత జిల్లాలోనే చూపిస్తున్న యాప్‌లో మిగతా సమాచారం కూడా పాతబడి ఉండవచ్చని అనుమానించాలి. ఈ పరీక్షలను గూగుల్ మ్యాప్స్, ఆపిల్ మ్యాప్స్‌తో ఆపకండి. 1995 నుంచి మన దేశపు మ్యాపుల మీదే పనిచేస్తున్న మ్యాప్‌మైఇండియా సంస్థ మ్యాపుల్స్ యాప్‌నూ, ఔత్సాహికులు కలిసి నిర్మించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్‌నూ చేర్చండి. ఈ రెండూ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ దొరుకుతాయి. గూగుల్ మ్యాప్స్ కూడా రెండింటిలోనూ ఉంది. ఆపిల్ మ్యాప్స్‌కు మాత్రం ఆండ్రాయిడ్ యాప్ లేదు. అంటే యాప్‌ల లెక్కలో ఐఫోను వాడేవారికి దొరకనిది దాదాపు ఏమీ లేదు. అయితే కొత్త సౌకర్యాలు ఏ వేదికకు ముందు వస్తాయన్నది వేరే విషయం: 2024 జులైలో గూగుల్ హైదరాబాద్ సహా 8 నగరాల్లో ఇరుకు వీధులను తప్పించే సౌకర్యం ప్రకటించినప్పుడు, దానిని మొదట ఆండ్రాయిడ్‌కే ఇచ్చింది.

ఐదో పని రోడ్డెక్కడం, దీనికి బదులుగా మరేదీ లేదు. తెలిసినవారి దగ్గర రెండో రకం ఫోను అడిగి తెచ్చుకుని, రెండింటినీ ఒకే కారులో పక్కపక్కన హోల్డర్లకు బిగించండి. నడిపేవారు వాటిని చూడకూడదు. పక్క సీటులో కూర్చున్నవారు కాగితం మీద రాయాలి. మలుపుకు ఎంత ముందుగా గొంతు చెప్పింది, ఫ్లైఓవరు దగ్గర పైకా కిందికా అన్నది స్పష్టంగా చెప్పిందా, కావాలని ఒక మలుపు తప్పితే కొత్త దారి చూపడానికి ఎన్ని సెకన్లు పట్టింది, బయలుదేరినప్పుడు చెప్పిన సమయానికీ చేరిన సమయానికీ తేడా ఎంత అన్న నాలుగు అంశాలు చాలు. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకుండా, ఉదయం రద్దీలో ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి అదే దారిలో వెళ్ళండి.

ఈ పరీక్షలో తేలే విషయాలు ఏ పట్టికలోనూ ఉండవు. ఒక వానాకాలంలో మేము పశ్చిమ గోదావరిలో మా మేనమామ గారి ఊరికి రెండు ఫోన్లతో ఇలాగే బయలుదేరాము. ఊరు మరో 6 కిలోమీటర్లు ఉందనగా ఒక ఫోను తారురోడ్డు మీదే సాగమంది, రెండో ఫోనులోని యాప్ ఎడమవైపు కాలువ గట్టు పక్కకు మళ్ళితే 9 నిమిషాలు కలిసి వస్తుందని చెప్పింది. పరీక్షిద్దామని మళ్ళాము. రెండు వందల గజాలు వెళ్ళేసరికి గడ్డి రెండు పక్కలా కారు అద్దాలను ఒరుసుకోసాగింది, చక్రాల కింద బురద జారసాగింది. సైకిలు మీద ఎదురొచ్చిన పెద్దాయన దిగి నిలబడి, "ఇది పుంతండి బాబూ, ట్రాక్టర్లే దిగబడిపోతున్నాయి, వెనక్కి తిప్పుకోండి" అన్నారు. తెర మీద మాత్రం ఆ పుంత తారురోడ్డు ఎంత తెల్లగా ఉందో అంత తెల్లగానే కనిపిస్తోంది. గుంటూరు వైపు డొంక అన్నా, తెలంగాణలో బండ్లబాట అన్నా అదే సంగతి: ఉపగ్రహ చిత్రంలో దారిలా కనిపించేదంతా కారు దారి కాదు. అందువల్ల పల్లెదారుల్లో తిరిగేవారు, తక్కువ సమయం చూపిన యాప్‌కు కాక, పెద్ద రోడ్డును వదలని యాప్‌కు ఎక్కువ మార్కులు వేయాలని నేను గట్టిగా నమ్ముతాను. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర, అసంపూర్ణంగా ఉన్న వంతెన మీదనుంచి కారు నదిలో పడి ముగ్గురు చనిపోయిన ఘటన గుర్తున్నవారికి దీని కారణం వేరే చెప్పనవసరం లేదు. ముందున్న రోడ్డుకూ తెరకూ పొంతన కుదరనప్పుడు బండి ఆపి మనిషిని అడగండి, అది ఏ ఫోను అయినా సరే.

ఆరో పరీక్ష, సిగ్నల్ లేని చోట ఫోను ఏం చేస్తుందన్నది. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేవారికి నల్లమలలో చాలా దూరం డేటా అందదు. ఉపగ్రహ సంకేతానికి డేటాతో పనిలేదు, కానీ మ్యాపు ముందే ఫోనులో లేకపోతే నీలం చుక్క ఖాళీ తెర మీద తేలుతుంది. ప్రయాణానికి ముందు రోజు వైఫై మీద ఆ ప్రాంతపు మ్యాపును దింపుకుని, ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, లొకేషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, దారి అడిగి చూడండి. గూగుల్ మ్యాప్స్ ఆఫ్‌లైన్‌లో వాహన దారి చెబుతుంది గానీ నడక దారి, బస్సుల వివరాలు ఇవ్వదు. ఆపిల్ మ్యాప్స్‌కు ఆఫ్‌లైన్ సౌకర్యం 2023లో ఐఓఎస్ 17తో వచ్చింది కాబట్టి, అంతకంటే పాత ఐఓఎస్ మీద ఆగిపోయిన ఐఫోనును సెకండ్‌హ్యాండ్‌లో కొనేవారు ఈ సంగతి గమనించాలి. ఆర్గానిక్ మ్యాప్స్ మొదటినుంచీ ఆఫ్‌లైన్ కోసమే తయారైంది; రద్దీ సమాచారం ఉండదు, అడవిలో దాని అవసరమూ ఉండదు. అయితే ఏ యాప్ చెప్పినా చెప్పకపోయినా మీరే గుర్తుంచుకోవలసినది ఒకటుంది: ఈ దారిలో అటవీ శాఖ చెక్‌పోస్టులు రాత్రి 9 గంటలకు మూసి ఉదయం 6 గంటలకు తెరుస్తారు. రాత్రి 11 గంటలకు బయలుదేరి శ్రీశైలం దారి అడిగితే యాప్ ఏ హెచ్చరికా లేకుండా గీత గీసి చూపుతుందో లేదో పరీక్షించి చూడండి.

వేడి గురించి కొద్దిగా. ఐఫోను వాడదగిన పరిసర ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల వరకని ఆపిల్ స్వయంగా చెబుతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో కారు అద్దం కింద పెట్టిన ఫోనుకు ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకూ ఇదే ఇబ్బంది ఉంది. వేడెక్కిన ఫోను ముందు తెర వెలుగు తగ్గిస్తుంది, తర్వాత చార్జింగు ఆపుతుంది. హోల్డరును అద్దానికి కాకుండా ఏసీ గాలి తగిలే చోట బిగించి, మధ్యాహ్నం ఒక గంట నడిపి, ఎండలో తెర చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి. హెల్మెట్ పెట్టుకుని వెళ్ళేవారు తెర కంటే గొంతు మీదే ఆధారపడతారు కాబట్టి, తెలుగు గొంతు పెట్టి, రోడ్ల పేర్లను అర్థమయ్యేలా పలుకుతోందా అని నాలుగు మలుపులు విని తేల్చుకోవాలి.

ఇన్ని చేశాక మీ కాగితమే సమాధానం చెబుతుంది. నా అభిప్రాయం అడిగితే, మన దారుల కోసం కొత్తగా ఫోను కొనేవారికి, రెండు ఫ్రీక్వెన్సీల రిసీవరు, గైరోస్కోపు, దిక్సూచి మూడూ ఉన్న మధ్యస్థ ధర ఆండ్రాయిడ్ ఫోను సరిపోతుంది. వాటిలో ఒక్కటి లేకున్నా ధర చూసి ఆశపడవద్దు. ఇప్పటికే ఐఫోను ఉన్నవారు మ్యాపు కోసం దానిని మార్చవలసిన పని లేదు. గూగుల్ మ్యాప్స్, మ్యాపుల్స్ రెండూ దింపుకుని తమ దారుల్లో నెగ్గినదాన్ని ముందు వరుసలో పెట్టుకుంటే చాలు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చేవారికి కూడా ఇదే చెబుతాను. ఎవరూ వాడని వేదిక వైపు మాత్రం వెళ్ళకండి. నోకియా వారసత్వంగా వచ్చిన హియర్ మ్యాపులు ఒకప్పుడు విండోస్ ఫోన్లలో ఎంతో చక్కగా ఆఫ్‌లైన్‌లో దారి చూపేవి. 2016లో ఆ సంస్థ విండోస్ 10 నుంచి తన యాప్‌లను వెనక్కి తీసుకోవడంతో వాటిని నమ్ముకున్నవారు చేతులు ఖాళీ చేసుకోవలసి వచ్చింది.

ఫోను కొన్నాక ఒక పని మిగిలి ఉంటుంది. మీ ఇల్లు సరిగ్గా ఎక్కడ ఉందో మ్యాపులో చూసి, చోటు తప్పుగా ఉంటే సవరణ పంపండి. తపాలా శాఖ 2025లో తెచ్చిన, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో విభాగమైన ఎన్‌ఆర్‌ఎస్‌సీ పాలుపంచుకున్న డిజిపిన్ అనే చిరునామా పద్ధతిలో సుమారు 4 మీటర్ల చదరానికి ఒక 10 అక్షరాల కోడ్ ఉంటుంది. మీ గుమ్మం కోడ్‌ను రాసి ఉంచుకుంటే డోరు నంబర్ల వరుస తప్పిన వీధుల్లో ఎంతో ఉపయోగం. దారి తప్పించిన చోట్లను కూడా వదిలేయకండి. ఆ సాయంత్రం మేనమామ గారి అరుగు మీద కూర్చుని, ఆ పుంత మొదలయ్యే చోటును గుర్తించి, ఇది కారు వెళ్ళే రోడ్డు కాదని నేను సవరణ పంపాను. తర్వాతి సంక్రాంతికి అదే ఊరికి బయలుదేరినప్పుడు, ఆ ఎడమ మలుపు దగ్గర రెండో ఫోను ఏమీ మాట్లాడకుండా తారురోడ్డు మీదే ముందుకు సాగనిచ్చింది.